అప్పగింతల దగ్గర ఆగిపోయే పెళ్లి డీవీడీ: డిస్కు, రైటరు, వేగం కుదిర్చిన ఒక కేస్ స్టడీ

పాలకొల్లు వైపు ఒక ఫోటో స్టూడియో. మాఘం మొదలు జ్యేష్ఠం దాకా పెళ్లిళ్లు, శ్రావణంలో మళ్లీ పెళ్లిళ్లు, నడుమ ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నా పార్టీవాళ్లు డీవీడీలు కూడా అడుగుతున్నారు. తాతగారింట్లో టీవీ కింద ఇప్పటికీ డీవీడీ ప్లేయరే ఉంటుంది. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మేనమామకు పంపాలన్నా, వెళ్లేవాళ్ల సంచిలో ఒక డిస్కు పడేయడం తేలిక.

చిక్కల్లా ఆ డిస్కులు తిరిగి రావడమే. "అంతా బాగానే వత్తందండి, అప్పగింతలొచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోతందండి, ఆయ్" అన్నది ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు. కౌంటర్ మీది కంప్యూటర్లో పెడితే డిస్కు ఆడుతుంది. ప్లేయరు లెన్సు చూపించుకోమని చెప్పి పంపేస్తున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ కంప్యూటర్లోని డ్రైవు చదవలేని చోట వేగం తగ్గించుకుని, ఒకే చోటును పదిసార్లు చదివి ఎలాగో ఫైలు తెరుస్తుంది. ప్లేయరుకు అంత తీరిక లేదు, బొమ్మ నడుస్తూ ఉండాలి. కాబట్టి కంప్యూటర్లో ఆడిందన్న సాక్ష్యం ఈ పనిలో చెల్లదు.

దుకాణంలో ఉన్న సరంజామా ఇది: రెండు డెస్క్‌టాప్‌లు, రెంటిలోనూ సాటా రైటర్లు (కంప్యూటరు లోపలే బిగించే, డిస్కులు రాసే డ్రైవులు), కంపెనీలు వేరు. ల్యాప్‌టాప్‌కు తగిలించే సన్నటి యూఎస్‌బీ రైటరు ఒకటి. డిస్కులు విజయవాడ నుంచి తెచ్చిన 50 డిస్కుల డబ్బాలు, అన్నిటి మీదా ఒకే బ్రాండు. కొన్ని మైనస్ ఆర్ (DVD-R), కొన్ని ప్లస్ ఆర్ (DVD+R), ఒకసారి రాసే డీవీడీల్లో రెండు రకాలివి. ఏది దొరికితే అది. సాఫ్ట్‌వేర్‌లో వేగం 'మ్యాక్స్'. పైన వధూవరుల ఫోటోతో కాగితం స్టిక్కరు.

ఈ చిక్కు తేల్చడానికి పూనుకున్న మేం తిరిగొచ్చిన డిస్కుల్ని ముందు ఫిర్యాదును బట్టి కుప్పలు చేశాం. పెట్టగానే 'నో డిస్క్' అన్నవి ఒక కుప్ప. చివర్లో బిగుసుకుపోయేవి ఒక కుప్ప, ఇదే పెద్దది. ఏడాది రెండేళ్లు ఆడి తర్వాత మొరాయించినవి మూడో కుప్ప. మూడింటి మూలం మూడు చోట్ల ఉంది. అన్నిటికీ 'డిస్కు చెత్తది' అనే ఒక్క జవాబు చెప్పుకోవడం వల్లే ఇన్నాళ్లూ సమస్య తీరలేదు.

పెట్టగానే 'నో డిస్క్'

ఈ కుప్పలో ఎక్కువ భాగం ప్లస్ ఆర్ డిస్కులు. మైనస్ ఆర్‌ను పయొనీర్ 1997లో తెచ్చింది. ప్లస్ ఆర్ 2002లో గాని రాలేదు. ప్రతి డిస్కు లోపలి అంచున 'నేను ఫలానా రకం' అని చెప్పే ఒక గుర్తు ఉంటుంది, దాన్ని బుక్ టైప్ అంటారు. పాత ప్లేయర్ల ఫర్మ్‌వేర్‌కు (పరికరం లోపలే ఉండే ప్రోగ్రాముకు) ప్లస్ ఆర్ గుర్తు తెలియదు. తెలియనిదాన్ని చదవడానికి ప్రయత్నించకుండానే తిప్పికొడుతుంది. ప్లస్ ఆర్‌లో ఒక వెసులుబాటు ఉంది: రైటరు ఒప్పుకుంటే రాసేటప్పుడే బుక్ టైప్‌ను 'డీవీడీ రోమ్' (DVD-ROM) అని మార్చవచ్చు. అప్పుడు ప్లేయరు దాన్ని కంపెనీలో అచ్చేసిన డిస్కనుకుని చదువుతుంది. డిస్కులు రాసే ఇమ్గ్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం బొమ్మ నొక్కితే ఈ సెట్టింగు వస్తుంది. మైనస్ ఆర్‌లో ఈ గుర్తు మార్చడం కుదరదు, అవసరమూ తక్కువే. ఈ స్టూడియోలో ఒక డెస్క్‌టాప్ రైటరుకే ఆ సదుపాయం ఉంది. ఏ డిస్కు ఏ రైటర్లో పడిందన్న లెక్క లేదు గనుక, ఒకే పెళ్లి తాలూకు పది కాపీల్లో కొన్ని ఆడి కొన్ని ఆడకపోవడం వింతేమీ కాదు.

అదే కుప్పలో మరో మూడు రకాలు కనిపించాయి. ఫైనలైజ్ చేయకుండా (రాయడం ముగిసిందని ముద్ర వేయకుండా) మల్టీసెషన్‌గా, అంటే తర్వాత ఇంకా రాసుకునేలా, వదిలేసినవి మొదటి రకం. ఎంపీ4 ఫైలును డేటాగా ఎక్కించి ఇచ్చినవి రెండోది. పాత ప్లేయర్లు డివ్‌ఎక్స్ అనే వీడియో రకం దాకా చదివినా ఎంపీ4లో ఉండే హెచ్.264 రకం వాటికి అందదు. మూడోది కాస్త తమాషాగా ఉంది. ఓణీల ఫంక్షన్ పాట ఒక్కటే, 300 ఎంబీ ఉన్న డిస్కులు కొన్ని ప్లేయర్లలో రావడం లేదు. డిస్కు మీద రాసిన భాగం మరీ సన్నటి రింగుగా ఉంటే ఆ ప్లేయర్లకు పట్టు దొరకదు. కనీసం 1 జీబీ నిండేలా చేస్తే రాసిన భాగం మధ్య నుంచి సుమారు 34 మి.మీ. దాకా వస్తుంది, అక్కడితో సరిపోతుంది. ఫోటోల స్లైడ్‌షో ఒకటి జతచేస్తే పార్టీకీ ఇష్టం, ప్లేయరుకూ ఇష్టం.

రీరైటబుల్ (ఆర్‌డబ్ల్యూ, చెరిపి మళ్లీ రాసుకునే) డిస్కుల మీద డెలివరీ ఇవ్వడం కూడా మానిపించాం. మామూలు డీవీడీ ఆర్ మీద పడిన వెలుగులో 45 నుంచి 85 శాతం తిరిగొస్తుంది, ఆర్‌డబ్ల్యూ మీద 18 నుంచి 30 శాతమే. లేజరు నీరసించిన ప్లేయరుకు అది చాలదు.

చివర్లో బిగుసుకుపోవడం

డీవీడీని లోపలి నుంచి బయటి అంచుకు రాస్తారు. డేటా మధ్య నుంచి 24 మి.మీ. దగ్గర మొదలై నిండు డిస్కులో 58 మి.మీ. దాకా పోతుంది. పెళ్లి వీడియోలో స్నాతకం, గౌరీపూజ, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు అన్నీ లోపలి వలయాల్లో పడతాయి. అప్పగింతలు పడేది బయటి అంచున. అంటే ఫిర్యాదే రోగం ఎక్కడుందో చెబుతోంది.

బయటి అంచున నాలుగు బరువులు ఒకేసారి పడుతున్నాయి. ఒకటి వేగం: 16ఎక్స్ (మామూలు డీవీడీ వేగానికి 16 రెట్లు) రైటరు ఆ వేగాన్ని అందుకునేది చివర్లోనే, అప్పుడు డిస్కు నిమిషానికి సుమారు 9 వేల చుట్లు తిరుగుతుంటుంది. రెండు, రంగు పూత: డిస్కు లోపలి సేంద్రియ రంగు (డై) అంచు దగ్గరకొచ్చేసరికి సమంగా పరుచుకోదు, చవక సరుకులో ఇది మరీ ఎక్కువ. మూడు, స్టిక్కరు: కాగితం రవ్వంత పక్కకు అతికినా ఆ వేగంలో డిస్కు వణుకుతుంది. తేమకు కాగితం ఉబ్బి డిస్కు గిన్నెలా వంగుతుంది, ఆ వంపు అంచులోనే బయటపడుతుంది. నాలుగు, నింపడం: ఎడిటరు ప్రతి డిస్కునూ 4.36, 4.37 జీబీ దాకా కూరేస్తున్నాడు.

కెపాసిటీ లెక్క ఇక్కడే చెప్పుకోవాలి. డబ్బా మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్ చూపేది 4.38. మైనస్ ఆర్‌లో 4,70,73,19,808 బైట్లు పడతాయి, ప్లస్ ఆర్‌లో 4,70,03,72,992. తేడా 7 ఎంబీ కన్నా తక్కువే. కానీ మైనస్ ఆర్‌కు గొంతుదాకా నింపిన ఐఎస్ఓ (డిస్కు మొత్తాన్ని పట్టి ఉంచే ఒకే ఫైలు) ప్లస్ ఆర్‌లో పట్టకపోవడానికి అది చాలు.

స్టూడియోకు పెట్టిన హద్దు 4.2 జీబీ. అంచున కొంత చోటు ఖాళీగా పోతుంది, పోనివ్వాలి. ఆ హద్దులో గంటన్నర వీడియోకు ఆడియోతో కలిపి సెకనుకు 6.6 మెగాబిట్లు, రెండు గంటలకు 5 మెగాబిట్లు వస్తాయి. మూడు గంటలు కుక్కితే 3.3 మాత్రమే, మండపం సీరియల్ లైట్లు, పూల డెకరేషన్ అంతా గళ్లు గళ్లుగా పగులుతుంది. మూడు గంటల పెళ్లికి రెండు డిస్కులు ఇవ్వాల్సిందే. డ్యూయల్ లేయర్ (రెండు పొరల) డిస్కు వద్దన్నాం. ధర ఎక్కువ, పొర మారే చోట పాత ప్లేయరు ఒక్క క్షణం ఆగుతుంది, మైనస్ ఆర్ డ్యూయల్ లేయరైతే మరీ పేచీ.

బిట్‌రేటు (సెకనుకు ఎన్ని మెగాబిట్లన్న లెక్క) పై హద్దు కూడా చూసుకోవాలి. డీవీడీ వీడియో నియమం ప్రకారం బొమ్మకు 9.8 మెగాబిట్ల దాకా వెళ్లవచ్చు. ఇంట్లో రాసిన డిస్కుకు మాత్రం 8 దాటనివ్వకూడదు. బారాత్‌లో బాణసంచా వెలిగినప్పుడు బిట్‌రేటు ఎగిసి, అదే చోట డిస్కు చదువు తడబడితే ప్లేయరు బఫర్ (ముందుగా చదివి ఉంచుకున్న నిల్వ) ఖాళీ అయిపోతుంది. బొమ్మ 720×576, 25 ఫ్రేములు. ఆడియో 48 కిలోహెర్ట్జ్, ఏసీ3 రకం. పెళ్లిపాటల్ని 44.1లోనే వదిలేస్తే ఆథరింగ్ (డీవీడీ కూర్చే) సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి ఊరుకుంటుంది, ప్లేయరు ఊరుకోదు.

డబ్బా మీది పేరు కాదు, లోపలి కోడు

ఇక అసలు విషయం. బ్రాండు పేరు వేసేవాళ్లు ఒకరు, డిస్కు తయారుచేసేవాళ్లు మరొకరు కావచ్చు. ఎవరి రంగు, ఎవరి అచ్చు అన్నది డిస్కు లోపలి మీడియా కోడు చెబుతుంది. ఖాళీ డిస్కు పెట్టి ఇమ్గ్‌బర్న్‌లో రైట్ మోడ్ తెరిస్తే కుడివైపు 'డిస్క్ ఐడీ' అన్న వరసలో అది కనిపిస్తుంది. ఎంసీసీ 03ఆర్‌జీ20 అంటే మిత్సుబిషి కెమికల్ వారి 16ఎక్స్ మైనస్ ఆర్, ఎంసీసీ 004 వారిదే ప్లస్ ఆర్. టీవైజీ03 అంటే తైయో యూడెన్ 16ఎక్స్ మైనస్ ఆర్. సీఎంసీ మ్యాగ్ అని మొదలైతే తైవాన్ సీఎంసీ, ఎంబీఐ అని ఉంటే మన మోజర్‌బేర్.

ఈ కోడు రైటరుకు చాలా అవసరం. ఏ కోడుకు లేజరును ఎంత శక్తితో, ఏ తాళంలో వెలిగించాలో రైటరు ఫర్మ్‌వేర్‌లో పట్టిక ఉంటుంది. రాయబోయే ముందు లోపలి అంచున చిన్న పరీక్ష చేసుకుని లేజరు శక్తిని సవరించుకుంటుంది కూడా. పట్టికలో లేని కోడు వస్తే గుడ్డి లెక్కతో రాసేస్తుంది. అందుకే ఒకే డిస్కు ఒక రైటర్లో నున్నగా, పక్క రైటర్లో పాడుగా రావచ్చు. 'ఏ డిస్కు మంచిది' అన్న ప్రశ్నకు ఈ కారణం వల్లే ఒంటిగా జవాబు ఉండదు. ఏ రైటరు మీద, ఎంత వేగంలో అన్నవి కలిపి అడగాలి.

స్టూడియో డబ్బాలు తెరిచి చూస్తే ఒకే బ్రాండు, ఒకే అట్ట, ఒకే ధర. కోడులు మాత్రం రెండు. మైనస్ ఆర్ డబ్బాల్లో కొన్నిటిది ఒక కోడు, తర్వాతి లాటుది వేరే. 'మొన్నటి డబ్బా బాగుంది, ఇది బాగోలేదు' అన్న మాటలోని నిజం అదీ.

పాత సలహాలు నమ్ముకుని కొనేవాళ్లకు ఒక మాట. తైయో యూడెన్ 2015తో ఈ వ్యాపారం మానేసింది. గ్రేటర్ నోయిడాలోని మోజర్‌బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. వెర్బాటిమ్ అనే తన డిస్కుల బ్రాండు వ్యాపారం అమ్మకాన్ని మిత్సుబిషి 2019లో ప్రకటించింది, కొన్నది సీఎంసీ. పదేళ్ల కిందట ఎవరో మెచ్చిన పేరు ఇప్పుడు అదే సరుకు కానక్కర్లేదు. కోడు చూడకుండా పేరు చూసి కొనడం ఇప్పుడు మరీ దండగ. పేరున్న కోడును నకిలీ డిస్కుల మీద అచ్చేసేవాళ్లూ ఉన్నారు గనుక కోడు చూశాక కూడా ఒక డిస్కు కాల్చి (రాసి) స్కాన్ చేయాల్సిందే, అంటే దాని తప్పులు లెక్కించాల్సిందే.

పరీక్ష ఎలా చేశాం

ఒకే ఐఎస్ఓ, 4.2 జీబీ నిండుగా. రెండు కోడులు, మూడు రైటర్లు, ఒక్కో జతకు 8, 12, 16 వేగాలు. యూఎస్‌బీ రైటరుకు 6, 8 మాత్రమే. ప్రతి డిస్కు మీద వేగం, రైటరు మధ్య రింగు దగ్గర రాసి పెట్టాం.

స్కాన్ చేయడానికి అన్ని రైటర్లూ పనికిరావు. లైట్‌ఆన్ ఐహ్యాస్ వరస రైటర్లు డిస్కు తప్పుల లెక్క బయటికి చెబుతాయి. ఎల్‌జీ రైటర్లు చాలావరకు, బాగా రాసినా, ఆ లెక్క ఇవ్వవు. స్టూడియోలోని ఒక డెస్క్‌టాప్‌లో ఐహ్యాస్124 ఉండటం కలిసొచ్చింది. నీరో డిస్క్‌స్పీడ్ సాఫ్ట్‌వేర్‌లో 'డిస్క్ క్వాలిటీ' తెరిచి 8ఎక్స్ వేగంలో స్కాన్ పెట్టాలి. రెండు అంకెలు చూస్తే చాలు. పీఐ ఎర్రర్లు (చదివేటప్పుడు దొరికే తప్పులు) ఎక్కడా 280 దాటకూడదు. పీఐ ఫెయిల్యూర్లు (మొదటి దిద్దుబాటుకు లొంగని తప్పులు) 4 దాటకూడదు. గ్రాఫు ఆకారం అంకెల కన్నా ఎక్కువ చెబుతుంది: మొదటినుంచీ పొట్టి గడ్డిలా ఉండి ఆఖరి అర జీబీలో కొబ్బరి మొవ్వులా లేస్తే అది అంచు జబ్బు. స్కాన్ లెక్కలివ్వని రైటరే ఉంటే అదే సాఫ్ట్‌వేర్‌లో రీడ్ స్పీడ్ పరీక్ష పెట్టుకోవచ్చు. గీత నున్నగా పైకి పోవాలి, గుంటలు పడితే అక్కడ డ్రైవు మళ్లీ మళ్లీ చదువుతోందని అర్థం.

ఫలితాలు చూద్దాం. మొదటి కోడు రెండు డెస్క్‌టాప్ రైటర్లలోనూ 8ఎక్స్‌లో శుభ్రంగా వచ్చింది. 12లో పర్వాలేదు. 16లో రెంటిలోనూ అంచు లేచింది, ఒకదానిలో ఫెయిల్యూర్లు 4 దాటాయి. రెండో కోడు ఒక రైటర్లో 8ఎక్స్‌లో నిలబడింది, రెండో రైటర్లో ఏ వేగంలోనూ నిలబడలేదు. తీసి చూస్తే ఆ రైటరు ఫర్మ్‌వేర్ చాలా పాతది. కంపెనీ సైట్లో ఉన్న ఆఖరి ఫర్మ్‌వేర్ ఎక్కించాక 8ఎక్స్‌లో కాస్త మెరుగైంది గాని మొదటి కోడుకు సరితూగలేదు.

'అయితే 4ఎక్స్‌లో రాస్తే ఇంకా మంచిదా' అని ఎడిటరు అడిగాడు. అందరికీ వచ్చే సందేహమే. 16ఎక్స్ డిస్కు రంగు వేగంగా కాలడానికి తయారైంది. మరీ నెమ్మదిగా రాస్తే ఫలితం ఒక్కోసారి చెడుతుంది, చాలా రైటర్లు ఆ వేగాన్ని చూపించవు కూడా. 16ఎక్స్ సరుకును 8లో రాయడం నడిమి దారి. నిండు డిస్కుకు 8 నుంచి 9 నిమిషాలు పడుతుంది, 16లో అయితే 5 నుంచి 6. మిగిలేది మూడు నిమిషాలు. వెనక్కొచ్చిన డిస్కును ఒక మనిషి నరసాపురం నుంచి మోసుకొచ్చే ఖర్చుతో పోల్చి చూసుకోవచ్చు.

యూఎస్‌బీ రైటరు సంగతి వేరు. ల్యాప్‌టాప్ పక్క పోర్టుకు హబ్ ద్వారా తగిలించి ఉంది. బయటి అంచుకొచ్చేసరికి లేజరుకూ మోటారుకూ కరెంటు ఎక్కువ కావాలి, హబ్ ఇవ్వలేకపోతోంది. హబ్ తీసేసి రెండు యూఎస్‌బీ ముళ్లున్న వై కేబులుతో నేరుగా తగిలిస్తే 6ఎక్స్‌లో మంచి డిస్కు వచ్చింది. 8లో అంచు లేస్తూనే ఉంది. దాన్ని డెలివరీ పని నుంచి తప్పించి, చదవడానికి మాత్రం ఉంచారు.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు అందుకునే లోపల కంప్యూటరు రీస్టార్ట్ అయి మధ్యలో చచ్చిన డిస్కులూ కొన్ని ఉన్నాయి. రాసే డెస్క్‌టాప్‌కు చిన్న యూపీఎస్ పెట్టించాం. దీనికి వేరే మందు లేదు.

మూడో కుప్ప: తేమ, ఎండ, ఆల్బమ్ జేబు

గోదావరి జిల్లాల గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలు మాట. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలి అదనం. ఏడాది తర్వాత మొరాయించిన డిస్కుల్లో చాలావాటికి స్టిక్కరు అంచు లేచి ఉంది. మరికొన్ని కరిజ్మా ఆల్బమ్ వెనక అట్టకు అంటించిన ప్లాస్టిక్ జేబులో ఉన్నాయి. ఆ మెత్తటి ప్లాస్టిక్ వేడికి డిస్కు చదివే ముఖానికి అతుక్కుని, తీసేటప్పుడు పొగమంచులాంటి మరక వదిలింది. మరకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడిస్తే చాలావరకు పోయింది. గుండ్రంగా తుడవకూడదు; గీత పడితే ట్రాకు పొడుగునా పడుతుంది. కిటికీ పక్క షోకేసులో ఎండ తగిలేలా పెట్టిన డిస్కులు మాత్రం ఏం చేసినా రాలేదు. రంగే వెలిసిపోయింది.

స్టిక్కర్లు పూర్తిగా మానిపించాం. తెల్లటి ప్రింటబుల్ డిస్కులు, ఎప్సన్ ఎల్805 ట్రేలో పెట్టి ప్రింటు. ముందు రాసి, వెరిఫై చేసి (రాసినదాన్ని సరిచూసి), ఆ తర్వాతే ప్రింటు తీయాలి. పోయిన డిస్కు మీద ఇంకు దండగ కాకుండా. వర్షాకాలంలో ప్రింటు ఒక రోజు ఆరాకే కవర్లో పెట్టాలి. ఖాళీ డిస్కుల డబ్బా ఏసీ ఎడిటింగ్ గదిలో ఉంటే అక్కడే రాయాలి. చల్లటి డిస్కును ఏసీ లేని కౌంటర్‌లోకి తెస్తే దాని మీద మంచు పడుతుంది, అలాంటిది రైటర్లో పెడితే లెన్సుకూ అదే చెమ్మ. తప్పనిసరైతే అరగంట ఆగాలి. డెలివరీకి గట్టి ప్లాస్టిక్ కేసు. ఆల్బమ్ జేబు వద్దు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

మైనస్ ఆర్ మాత్రమే, మొదటి కోడు మాత్రమే. కొనేటప్పుడు ముందు ఒక డబ్బా తెప్పించి, కోడు చూసి, ఒక డిస్కు కాల్చి స్కాన్ చేసి, బాగుంటేనే అదే లాటులో మిగతావి. వేగం 8, వెరిఫై ఆన్. ప్రతి పెళ్లిలో మొదటి కాపీకి స్కాన్. దాన్ని కౌంటర్ కింద పెట్టిన రెండు పాత ప్లేయర్లలో వేసి నేరుగా ఆఖరి చాప్టరుకు వెళ్లి చూస్తారు. ముందునుంచి చూస్తూ కూర్చోనక్కర్లేదు.

రైటరు కూడా అరుగుతుంది. మంచి స్కాన్ వచ్చిన రోజు గ్రాఫును బొమ్మగా దాచి ఉంచాలి. కొన్నాళ్ల తర్వాత అదే కోడు, అదే వేగంలో తప్పులు పెరుగుతూ పోతే ముందు వేరే రైటర్లో అదే డబ్బా డిస్కు కాల్చి చూడాలి. అక్కడ బాగుంటే లేజరు నీరసించినట్టు, రైటరు మార్చేయడమే. లెన్సును దూదితో రుద్ది బాగుచేసే ప్రయత్నం ఒకసారి చాలు. అది వేలాడే వైర్లు వెంట్రుక మందం ఉంటాయి.

పాత కుప్పల్లో మాస్టరు ఫైళ్లున్న పెళ్లిళ్లకు కొత్త కాపీలు రాసిచ్చారు. హార్డ్‌డిస్కు పోయి డిస్కు మాత్రమే మిగిలిన పెళ్లిళ్లకు పాడైన డిస్కు నుంచి చదవగలిగినంతా కాపీ చేసే డీడీరెస్క్యూ ప్రోగ్రాము వాడాం: సెక్టారు (డిస్కు మీది ఒక్కో ముక్క) సైజు 2048 బైట్లు, ఏ ముక్కలు వచ్చాయో రాసుకునే మ్యాప్ ఫైలు ఒకటి. మొదట ఒక డ్రైవులో నడిపి, చదవలేని సెక్టార్లు మిగిలితే అదే మ్యాప్ ఫైలుతో రెండో డ్రైవులో, తర్వాత యూఎస్‌బీ డ్రైవులో. ఒకటి చదవలేనిది ఇంకొకటి చదువుతుంది. ఒకే పెళ్లి కాపీలు రెండు ఇళ్లలో ఉండి, అవి ఒకే ఐఎస్ఓ నుంచి కాల్చినవైతే రెండో కాపీ మీద కూడా అదే మ్యాప్ ఫైలు నడపవచ్చు. ఎండకు వెలిసిన డిస్కుల్లో కొన్నిటికి అలా బంధువుల ఇళ్ల నుంచి తెప్పించిన కాపీలతోనే ఖాళీలు పూడాయి.